పిజ్జా అడుగున గీత

మా చిన్నప్పుడు శుక్రవారం రాత్రి దగ్గర్నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఫ్రిజ్ కింది అరలో ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. అక్కడ నాలుగు గుండ్రటి డబ్బాలు వరసగా ఉండేవి. ఒక్కోదాంట్లో ఒక్కో పిండి ముద్ద. మూత మీద చిన్న కాగితం ముక్క అంటించి, లోపల పెట్టిన టైము నాన్న పెన్సిల్‌తో రాసేవారు. తమ్ముడు నీళ్ల సీసా కోసం తలుపు తీసి కాస్త ఎక్కువసేపు నిలబడితే చాలు, పక్క గదిలోంచి "తలుపు!" అని ఆయన గొంతు వినపడేది.

నాన్న అంతకుముందు వంటింట్లో పని చేసిన మనిషి కాదు. పాడైన గోడ గడియారమో, రేడియోనో దొరికితే విప్పి ముందేసుకుని, ఏ ముక్క ఎందుకుందో తెలిసేదాకా అక్కణ్ణుంచి లేచేవారు కాదు. నా పన్నెండో పుట్టినరోజుకి పిజ్జా కావాలని నేను అడిగితే, "కొనడం ఎందుకమ్మా, అందులో ఏముంది? పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. మనమే చేద్దాం" అన్నారు. ఆ నాలుగింటినీ ఒక దారికి తేవడానికి ఆయనకి ఏడాదిన్నర పట్టింది.

మొదటిసారి పిండి అసలు పొంగలేదు. గంట చూశాం, రెండు గంటలు చూశాం. గిన్నె మీద కప్పిన తడిగుడ్డని నేను పది సార్లు ఎత్తి చూసి ఉంటాను. పిండి ముద్ద పెట్టినది పెట్టినట్టే ఉంది. పుట్టినరోజు పూట ఏడుపొక్కటే తక్కువ నాకు. అప్పుడు అమ్మ, ఈస్ట్ కలిపిన చెంబు వైపు చూసి, "నీళ్లు ఎంత వేడి చేశారండీ?" అని అడిగింది. నాన్న చెప్పారు. "చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో ఏ ప్రాణి బతుకుతుందండీ?" అంది.

ఈస్ట్ ప్రాణమున్నదని నాకు తెలిసింది ఆ రోజే. ప్యాకెట్టులో ఇసుక రేణువుల్లా కనిపించే ఆ గింజలు నిద్రపోతున్న జీవాలని, గోరువెచ్చని నీళ్లలో లేస్తాయని, పిండిలోని చక్కెర తిని గాలి వదులుతాయని, దాదాపు 60 డిగ్రీల వేడి తగిలితే చచ్చిపోతాయని నాన్న ఆ వారమంతా ఎక్కడెక్కడో చదివి వచ్చి మాకు చెప్పారు. అట్ట వేసిన ఒక నోట్‌బుక్ తెచ్చి మొదటి పేజీలో రాసుకున్నారు: "నీళ్లు వేడి ఎక్కువ. పొంగలేదు. (ఆవిడ చెప్పింది.)" ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందులో "ఆవిడ చెప్పింది" అన్న మాట ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టలేదు కానీ, దాదాపు ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది.

తర్వాత వారం ఈస్ట్ రెట్టింపు వేశారు. అరగంటలో గిన్నె దాటి పొంగింది, ఓవెన్‌లో పెట్టేలోపే కుంగిపోయింది, తింటుంటే ఈస్ట్ కంపు. ఆ తర్వాత ఒకసారి పిండి చక్కగా పొంగింది గానీ, కర్ర పెట్టి ఒత్తడంతో లోపలి గాలంతా పోయి గట్టి పలకలా కాలింది. ఇంకోసారి పైన వేసినవన్నీ నీళ్లు వదిలి నడుమంతా ముద్దయింది. ఒక్కటి కూడా పారేయలేదు మేము, అన్నీ తిన్నాం. తింటూనే నాన్న అడిగేవారు, "ఎక్కడ బాగాలేదు? అంచా, నడుమా, అడుగా?" ప్రతి ఒక్కరూ జవాబు చెప్పాల్సిందే. తొమ్మిదేళ్ల తమ్ముడు కూడా. వాడు చెప్పింది కూడా నోట్‌బుక్‌లో ఎక్కేది.

శాతాలు నేను స్కూల్లో కన్నా ముందు ఆ నోట్‌బుక్‌లోనే నేర్చుకున్నాను. రొట్టెలు కాల్చేవాళ్ల లెక్క వేరుగా ఉంటుంది. పిండిని ఎప్పుడూ 100 అనుకోవాలి, మిగతావన్నీ దాన్నిబట్టి చూసుకోవాలి. మా ఇంటి లెక్క చివరికి ఇలా కుదిరింది: మైదా 500 గ్రాములు, నీళ్లు 325 అంటే 65 శాతం, ఉప్పు 10 అంటే 2 శాతం, ఈస్ట్ 2 గ్రాములు. మొత్తం కలిపితే 100 దాటిపోతుంది కదా అని నేను గొడవపెట్టుకుంటే, నాన్న ఓపిగ్గా మళ్లీ మొదట్నుంచి చెప్పేవారు. మొత్తం 837 గ్రాములు. నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 209. ఆ 209 అంకె నాకు మా పాత ఫోన్ నంబరులా గుర్తుండిపోయింది.

లెక్క నాన్నది. చెయ్యి మాత్రం అమ్మది.

65 శాతం నీళ్లున్న పిండి మొదట్లో చేతికి జిగురులా పట్టుకుంటుంది. నాన్న అయితే వెంటనే ఇంకాస్త మైదా చల్లేవారు, దాంతో పిండి బిరుసెక్కేది. అమ్మ అలా చల్లనిచ్చేది కాదు. పిండి, నీళ్లు కలిసీ కలవగానే మూత పెట్టేసి, "ఇరవై నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయండి" అనేది. ఎందుకలా చేస్తుందో తనూ చెప్పలేకపోయేది. చాలా రోజుల తర్వాత నాన్నకి ఒక లైబ్రరీ పుస్తకంలో దొరికింది. రేమండ్ కాల్వెల్ అనే ఫ్రెంచి రొట్టెల నిపుణుడు ఇదే పని చేసి, దానికి ఆటోలీజ్ అని పేరు పెట్టాడట. గోధుమలో గ్లుటెనిన్, గ్లియాడిన్ అని రెండు ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుకోవడం మొదలుపెడతాయి. గ్లూటెన్ అంటే ఆ వలే. కాసేపు కదపకుండా ఉంచితే సగం పని పిండి తనంతట తనే చేసుకుంటుంది. నాన్న ఆ పేజీ చదివి వినిపిస్తే అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "అదే కదండీ నేను చెబుతున్నది" అంది. ఆ రోజు ఆవిడ మొహంలో కనపడ్డ సంతోషం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

ఆ ఇరవై నిమిషాల తర్వాత ఉప్పు వేసి పిసికేది. అరచేతి మడమతో ముందుకి తోయడం, వేళ్లతో మడిచి దగ్గరికి లాక్కోవడం, పావు వంతు తిప్పడం, మళ్లీ తోయడం. పది నిమిషాలు అదే వరస. గాజులు పైకి నెట్టుకున్నా మళ్లీ జారి బల్లకి తగిలి చప్పుడు చేసేవి. మొదట గరుకుగా, చీలికలుగా ఉన్న ముద్ద నెమ్మదిగా నున్నబడి, చివరికి చెవి తమ్మెలా మెత్తగా అయ్యేది. అప్పుడు నిమ్మకాయంత ముక్క తుంచి, నాలుగు వైపులా వేళ్లతో మెల్లగా లాగుతూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లేది. పిండి పల్చబడి, పల్చబడి, పొరలా అయ్యేది. చిరిగేది కాదు. దాని వెనక అమ్మ వేళ్ల నీడ కనపడేది, ఇంకాస్త లాగితే కిటికీ ఊచలు కూడా. "ఇదిగో, ఇలా వెలుతురు దూరితే అయినట్టే" అని నాకు చూపించేది. ఆ పొర అవతల మధ్యాహ్నపు ఎండ పాలరంగులో ఉండేది. పిజ్జా అనగానే నాకు చీజ్ కన్నా ముందు ఆ వెలుతురే గుర్తొస్తుంది.

ఫ్రిజ్‌లో రెండు రోజులు పెట్టడం నాన్న ఆలోచనే. చల్లదనంలో ఈస్ట్ మందగిస్తుంది కానీ ఆగిపోదు. ఈలోగా పిండిలోని ఎంజైములు పిండిపదార్థాన్ని విరిచి చక్కెర చేస్తుంటాయి. పులుపూ కమ్మదనమూ కలిసిన ఒక రుచి పడుతుంది, కాలితే రంగూ బాగా వస్తుంది. ఇది పుస్తకంలో చదివి నమ్మేయకుండా, ఒకే రోజు మూడు పిండ్లు కాల్చి చూశారు: రెండు గంటలది, ఒక రోజుది, రెండు రోజులది. మాకు కళ్లు మూసుకోమని చెప్పి ముక్కలు చేతిలో పెట్టారు. నలుగురం రెండు రోజులదే బాగుందన్నాం. అప్పట్నుంచే ఫ్రిజ్ కింది అర నాన్న సొంతమైంది. ఆదివారం సాయంత్రం డబ్బా మూత తీస్తే పిండి మీద చిన్న చిన్న బుడగలు, కాస్త మాగిన పళ్ల వాసన. వేసవిలో అయితే బయటపెట్టిన గంటలోనే పిండి సిద్ధమయ్యేది, చలికాలంలో రెండు గంటలు పైనే పట్టేది.

సాస్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పిజ్జాకి పుట్టిల్లైన ఇటలీ నగరం నేపుల్స్‌లో టమాటాని వండరు, పచ్చిదే నలిపి ఉప్పు వేసి పరుస్తారని తెలిసాక మేమూ వండడం మానేశాం. ఎలాగూ ఓవెన్‌లో ఉడుకుతుంది, రెండుసార్లు ఉడికితే తాజాదనం పోతుంది. మరిగే నీళ్లలో అర నిమిషం వేసి, తొక్క తీసి, జల్లెట్లో వేసి నీరు కార్చేవాళ్లం. చేత్తో నలపడం తమ్ముడి పని. మోచేతుల దాకా ఎర్రగా చేసుకునేవాడు.

మోజరెల్లా కథ వేరు. "మొత్తం మనమే చెయ్యాలంటే చీజ్ కూడా మనమే చెయ్యాలి కదా" అని ఒక ఆదివారం నాన్న అన్నారు. సిట్రిక్ యాసిడ్, పాలని గడ్డకట్టించే రెన్నెట్ సంపాదించారు. మొదటిసారి తెచ్చిన డబ్బా పాలు ఎంతసేపు ఉంచినా సరిగా గడ్డకట్టలేదు, పలుకులు పలుకులుగా విరిగాయి. ఎక్కువ రోజులు నిలవుండేందుకు మరీ ఎక్కువ వేడిలో కాచిన పాలు మోజరెల్లాకి పనికిరావు. ఆ వేడికి పాలలోని ప్రొటీన్లు మారిపోయి, సాగే గడ్డ కట్టవు. రెండోసారి మామూలు చిక్కటి పాలు నాలుగు లీటర్లు తెచ్చారు. ఈసారి గడ్డ చక్కగా వచ్చింది. కత్తితో గళ్లుగా కోసి, నీరు వంచేసి, వేడినీళ్లలో వేస్తే మెత్తబడింది. అమ్మ చేతులు చల్లనీళ్లలో ముంచి, ఆ వేడి ముద్దని పట్టుకుని సాగదీసింది. మడిచి మళ్లీ సాగదీసింది. నాలుగో మడతకి అది ఉన్నట్టుండి పట్టు గుడ్డలా మెరిసింది. మేమందరం ఒక్కసారిగా అరిచాం. అమ్మ అరచేతులు ఎర్రగా కందిపోయాయి, అయినా వదలకుండా ఉండ చుట్టి ఉప్పునీళ్లలో వేసి, అప్పుడు చేతులు చూసుకుంది. నాలుగు లీటర్లకి వచ్చినది అరకిలో కూడా లేదు. ఆ తర్వాత ఏ చీజ్ ముక్కనీ తేలిగ్గా చూడలేకపోయాను నేను.

తాజా మోజరెల్లాని కోసి కనీసం రెండు మూడు గంటలు జల్లెట్లో ఉంచి నీరు కారనివ్వాలి. లేకపోతే పిజ్జా నడుమ చెరువే. ఇది మేము రెండుసార్లు అనుభవించి నేర్చుకున్నది.

ఇంత చేసినా అడుగు మాత్రం తెల్లగానే ఉండిపోయేది. పైన చీజ్ కాలిపోతున్నా కింద పచ్చిగానే ఉండేది. నేపుల్స్ కట్టెల పొయ్యిలో వేడి 430 నుంచి 480 డిగ్రీల దాకా ఉంటుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికొచ్చేస్తుంది. మా ఓవెన్ 250 దాటదు. నాన్న ఒక నెల దీని మీదే ఆలోచించి, చివరికి ఒక పిజ్జా రాయి తెచ్చారు. పలకలా ఉండే మట్టిరంగు రాయి, రెండు సెంటీమీటర్ల మందం, మోయడానికి నాకు రెండు చేతులు కావాల్సి వచ్చేది. రేకు మీద కాలనిది రాయి మీద ఎందుకు కాలుతుందని నేను అడిగాను. నాన్న ఓవెన్ తలుపు తీశారు. "లోపల గాలి, ఆ ఇనప కమ్మీ, రెండూ ఒకటే వేడి మీద ఉన్నాయి. గాలిలో చెయ్యి ఒక్క క్షణం పెట్టగలవు. కమ్మీని ముట్టుకోగలవా?" అన్నారు. వేడి ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, అది ఎంత తొందరగా చేతికొస్తుందన్నది కూడా ఉంది. రాయి గంటసేపు వేడి తాగి దాచుకుంటుంది, పిండి పడగానే దానికి ఇచ్చేస్తుంది, పిండి వదిలే తడిని కొంత పీల్చుకుంటుంది. ఇంత తేలిగ్గా నాకు సైన్స్ ఎవరూ చెప్పలేదు.

రాయి మీద మొదటిసారి కాల్చిన రోజు ఓవెన్ అద్దం ముందు నేనూ తమ్ముడూ మోకాళ్ల మీద కూర్చున్నాం. చెక్క పలక మీద రవ్వ చల్లి, దాని మీద పిజ్జా సర్ది, నాన్న ఒక్క విదుపుతో రాయి మీదికి జార్చారు. మొదటి నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషానికి అంచు కదిలింది. నిద్రలో ఒత్తిగిలినట్టు ఒక పక్క లేచింది, తర్వాత చుట్టూతా ఉబ్బింది. ఒకచోట బుడగ పెద్దదై, దాని తల గోధుమరంగు తిరిగి, నల్లటి చుక్క పడింది. చీజ్ అక్కడక్కడా గుంటలు కట్టి ఉడికింది. ఏడున్నర నిమిషాలు. బయటికి తీయగానే నాన్న పైభాగం చూడనే లేదు. గరిటెతో ఒక అంచు ఎత్తి కిందికి వంగి చూశారు. బంగారు రంగు, మీద చిరుతపులి మచ్చలు. ఏమీ మాట్లాడకుండా అమ్మ వైపు తిప్పి చూపించారు. అమ్మ తలాడించింది. నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీలో ఒకే ఒక్క మాట ఉంది: "వచ్చింది."

ఆ రోజు పైన వేసినవి మూడే: టమాటా, మోజరెల్లా, బేసిల్ ఆకులు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. 1889లో రఫాయెలె ఎస్పోసితో అనే ఆయన ఇటలీ రాణి మార్గెరీత కోసం దేశం జెండా రంగుల్లో పిజ్జా చేశాడన్న కథ నాన్న ప్రతిసారీ చెప్పేవారు. ఆ కథ పూర్తిగా నిజం కాకపోవచ్చని చరిత్రకారులు అంటున్నారని పెద్దయ్యాక నేను చదివాను. నాన్నకి మాత్రం చెప్పలేదు. బేసిల్ ఆకులు పరుస్తూ ఆయన ఆ కథ చెప్పే తీరు నాకు ఇష్టం.

రాయి నా వల్లే పగిలింది. అప్పటికి నాకు పదహారేళ్లు. ఇంటికి చుట్టాలొచ్చారు, వరసగా పిజ్జాలు కాలుస్తున్నాం. మూడోదాని చీజ్ రాయి మీద కారి మాడి కంపు కొడుతోంది. నాన్న హాల్లో ఉన్నారు. సాయం చేద్దామనుకుని, గుడ్డ తడిపి ఓవెన్ లోపలికి చెయ్యి పెట్టి తుడిచాను. టప్ మని చప్పుడు. చిన్నదే, గాజు గ్లాసు పగిలినంత. కానీ రాయి ఈ చివర నుంచి ఆ చివరకి రెండు ముక్కలైంది. కాలిన రాయికి చల్లటి నీళ్లు తగిలితే ఒకచోట కుంచించుకుని, ఇంకోచోట అలాగే ఉండి, ఆ లాగుడుకి పగులుతుందని నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకుండానే తెలిసిపోయింది.

నాన్న వచ్చేసరికి నేను ఓవెన్ ముందు నిలబడి ఏడుస్తున్నాను. ఆయన వంగి లోపలికి చూశారు. చాలాసేపు చూశారనిపించింది నాకు. తర్వాత పొడవాటి పట్టకారు తీసుకుని రెండు ముక్కల్నీ దగ్గరికి నెట్టి కలిపారు. "చెయ్యి కాలిందా?" అని అడిగారు. లేదన్నాను. "రాయి పని వేడి పట్టుకోవడం. రెండు ముక్కలైనా పట్టుకుంటుంది. నాలుగో పిజ్జా పట్రా" అన్నారు.

అది కూడా బాగానే కాలింది. అయితే తిరగేసి చూసినప్పుడు, బంగారు రంగు అడుగు మీద, పగులున్నచోట సన్నటి తెల్ల గీత పడింది. దారమంత. ముందు చూసింది తమ్ముడే. ఆ తర్వాత మా ఇంట్లో కాలిన ప్రతి పిజ్జా అడుగునా ఆ గీత ఉంది. నోట్‌బుక్‌లో ఆ రోజు నాన్న ఇలా రాశారు: "రాయి రెండు ముక్కలు. వేడిలో తేడా లేదు." నా పేరు రాయలేదు. తడిగుడ్డ సంగతీ రాయలేదు.

2017 డిసెంబరులో నేపుల్స్ పిజ్జా తయారీదార్ల కళని యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వార్త చదివి నాన్న నాకు ఫోన్ చేశారు. అప్పటికి నేను వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉన్నాను. "చూశావా అమ్మా, పిండి పిసికి చేత్తో సాగదీసి కాల్చడాన్ని ప్రపంచమంతా కూర్చుని కళ అని రాసుకుంది" అన్నారు. ఆ గొంతులో సంతోషం చూస్తే ఆ గౌరవం ఆయనకే దక్కినట్టుంది. వెనక నుంచి అమ్మ, "ఇరవై నిమిషాలు వదిలేయమని కూడా రాశారేమో కనుక్కోండి" అనడం వినపడింది.

నాన్న పోయి మూడేళ్లయింది. నోట్‌బుక్, రాయి నేను తెచ్చుకున్నాను. తమ్ముడు తన ఇంట్లో స్టీల్ పలక వాడతాడు. స్టీల్ రాయి కన్నా వేగంగా వేడిని పిండికి ఇస్తుంది, ఐదారు నిమిషాల్లో అడుగు చక్కగా కాలుతుంది. నిజం చెప్పాలంటే వాడి పిజ్జా నాదాని కన్నా బాగుంటుంది. నాకూ ఒకటి కొనిస్తానని ఎన్నోసార్లు అన్నాడు. వద్దురా అన్నాను. వాడు మళ్లీ అడగలేదు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మణికట్టు నొప్పి, పిసకలేదు. కుర్చీ వేసుకుని బల్ల పక్కన కూర్చుంటుంది. నేను పిసికిన పిండిని చూపుడువేలితో ఒక్కసారి నొక్కి, గుంట పైకి లేచే తీరు చూసి, "ఇంకో రెండు నిమిషాలు" అంటుంది. నేను టైము చూసుకుని చేస్తాను, ఆవిడ వేలు చూసుకుని చెబుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ వేలు తప్పు చెప్పలేదు.

మొన్న ఆదివారం ఫ్రిజ్ కింది అరలోంచి డబ్బాలు తీసి, మూతల మీది కాగితాలు మా పాపే పీకింది. దానికి పదకొండేళ్లు. ఓవెన్ అద్దం ముందు మోకాళ్ల మీద కూర్చుని అంచు లేవడం చూసింది. పిజ్జా కోయగానే, తినకుండా, ముందు ఎవరి ముక్క వాళ్లచేత తిరగేయించింది. గీత ఎవరి ముక్కలోంచి పోయిందో చూడడం దానికి ఆట.

"ఈసారి నీ ముక్కలోంచే పోయింది అమ్మమ్మా!" అంది.

"ఏదీ, చూపించు" అని అమ్మ కళ్లజోడు కోసం బల్ల మీద తడుముకుంది.